అమెరికా పొలిటికల్ సైన్స్ పీహెచ్‌డీ: దరఖాస్తు పంపాక ఏప్రిల్ 15 దాకా ఏం చేయాలి?

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నన్ను అడిగేవన్నీ ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, ఏం పరిశోధించాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) గురించో, రికమెండేషన్ లెటర్ల గురించో ఉంటాయి. జనవరి దాటాక ప్రశ్న ఒక్కటే. "అన్నా, ఇంకా ఏ కబురూ లేదు. రిజెక్ట్ అనుకోవాలా?"

అనుకోనక్కర్లేదు. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

నేను రెండు దఫాలు దరఖాస్తు చేశాను. మొదటి ఏడాది ఈ మూడు నెలలూ మెయిల్ తెరవడం, మూయడంతోనే గడిచిపోయాయి. మార్చి చివర్లో ఒక చోట వెయిట్‌లిస్ట్‌లో పెట్టారు. దానికి ఏం జవాబు రాయాలో తెలియక వారం రోజులు ఊరుకున్నాను. ఆ సీటు రాలేదు. రెండో ఏడాది ఎదురుచూపు అంతే ఉంది, కానీ ప్రతి వారానికీ ఒక పని పెట్టుకున్నాను. ఆఫర్ వచ్చిన రోజు ఏం అడగాలో కాగితం మీద రాసి ఉంది. ఆ కాగితాన్నే ఇప్పుడు విడమరిచి రాస్తున్నాను.

డిసెంబరు, జనవరి గడువుల్లో దరఖాస్తు పంపి, ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సీటు కోసం చూస్తున్నవాళ్ల కోసం ఇది.

## 1. ముందు అక్కడ ఏం జరుగుతోందో తెలుసుకోండి

గడువులు ఎక్కువగా డిసెంబరు 1 నుంచి జనవరి 15 మధ్య ముగుస్తాయి. ఆ తర్వాత మీ ఫైలు కొందరు ప్రొఫెసర్లున్న అడ్మిషన్ల కమిటీకి వెళ్తుంది. పొలిటికల్ సైన్స్‌లో ఫైళ్లను సాధారణంగా ఉపశాఖల వారీగా చదువుతారు: అమెరికన్ పాలిటిక్స్, కంపారెటివ్ పాలిటిక్స్, ఇంటర్నేషనల్ రిలేషన్స్, పొలిటికల్ థియరీ, కొన్ని చోట్ల మెథడ్స్. మీరు కంపారెటివ్ అని రాస్తే ముందుగా మీ పోటీ ఆ గుంపుతోనే.

కమిటీ ఎంచుకున్న పేర్లు గ్రాడ్యుయేట్ స్కూల్ ఆమోదానికి వెళ్తాయి. అందుకే చాలాసార్లు విభాగం నుంచి అభినందన మెయిల్ ముందు వస్తుంది, పోర్టల్‌లో అధికారిక లెటర్ కొన్ని రోజుల తర్వాత కనిపిస్తుంది. ఆ మధ్యలో కంగారు పడకండి.

అడ్మిట్లు జనవరి చివరి నుంచి మార్చి మధ్య దాకా వస్తాయి. రిజెక్ట్ లెటర్లు తరచూ ఇంకా ఆలస్యం. కాబట్టి ఫిబ్రవరిలో మౌనానికి మూడు అర్థాలు ఉండొచ్చు. ఇంకా తేల్చలేదు, పక్కన పెట్టి చూస్తున్నారు, కాదనుకున్నారు గానీ లెటర్ పంపలేదు. ఈ మూడింటిలో ఏదో బయటి నుంచి చెప్పడం ఎవరి వల్లా కాదు. మీ స్నేహితుడికి అదే విభాగం నుంచి నిన్న అడ్మిట్ వచ్చినా అంతే. అతనిది వేరే ఉపశాఖ కావచ్చు.

గత ఏళ్ల తేదీలు పట్టుకుని లెక్కలు వేయకండి. బోస్టన్ యూనివర్సిటీ పొలిటికల్ సైన్స్‌తో సహా పన్నెండు హ్యుమానిటీస్, సోషల్ సైన్స్ పీహెచ్‌డీలకు 2025-26 ప్రవేశాలే ఆపేసింది. 2025లో ఫెడరల్ నిధులు తగ్గాక ఇంకొన్ని చోట్ల బ్యాచ్‌లు చిన్నవయ్యాయి. పాత లెక్కలు ఇప్పుడు నడవవు.

## 2. ఇంట్లోవాళ్లకు ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పండి

ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, చాలామందికి సగం టెన్షన్ ఇక్కడి నుంచే వస్తుంది. మన ఇళ్లలో అందరికీ తెలిసింది ఎంఎస్. ఎంఎస్ అడ్మిట్లు డిసెంబరు నుంచే ఒక్కొక్కటిగా వస్తాయి. "మామయ్య వాళ్ల అబ్బాయికి సంక్రాంతికే మూడు వచ్చాయి, నీకు ఒక్కటీ రాలేదేంటి?" అని అమ్మ అడిగితే అందులో తప్పేమీ లేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చెప్పాల్సినవి మూడే: పీహెచ్‌డీకి బ్యాచ్ చాలా చిన్నది, చాలా విభాగాల్లో పదీ పదిహేను మందే. సాధారణంగా ఫీజు మనం కట్టం, వాళ్లే నెలనెలా స్టైపెండ్ ఇస్తారు, అందుకే అంత వడపోత. ఏప్రిల్ 15 దాకా ఏదీ ఖాయం కాదు. ఆ తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాసిపెట్టి, అంతవరకు అడగొద్దని బతిమాలుకోండి.

## 3. మొదటి వారం పని: ఫైలు, ఫోను, పేరు

దరఖాస్తు పంపిన వారం, పది రోజుల్లో ఇవి పూర్తి చేయండి.

- ప్రతి పోర్టల్ తెరిచి ట్రాన్‌స్క్రిప్టులు, మూడు రికమెండేషన్లు, టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్, అడిగిన చోట జీఆర్‌ఈ అన్నీ చేరినట్టు చూడండి. "చేరలేదు" అని ఉంటే గ్రాడ్యుయేట్ ఆఫీసుకు వెంటనే రాయండి.
- దరఖాస్తులో కాలేజీ మెయిల్ ఐడీ ఇచ్చారా? చదువు అయిపోయాక అది మూతపడుతుందేమో కనుక్కోండి. అనుమానం ఉంటే పోర్టల్‌లో సొంత మెయిల్‌కు మార్చండి.
- యూనివర్సిటీల చిరునామాలను కాంటాక్ట్స్‌లో చేర్చండి. స్పామ్ ఫోల్డర్ వారానికి రెండుసార్లు చూడండి.
- ప్రొఫెసర్లు కొందరు నేరుగా ఫోన్ చేస్తారు. +1తో మొదలయ్యే నంబర్లను మీ ఫోన్‌లోని యాప్ స్పామ్ అని కట్ చేయకుండా చూసుకోండి.
- పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడితే రెన్యువల్‌కు ఇప్పుడే పెట్టండి.

పేరు గురించి విడిగా చెప్పాలి. మన పేర్లలో ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, ఒక చోట పొడి అక్షరంగా ఉంటుంది. టెన్త్ మెమోలో ఒకలా, డిగ్రీలో ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఇంకోలా. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మీ పేరంతా సర్‌నేమ్ గడిలోకి పోయి, మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని వస్తుంది. అది అక్కడ బ్యాంకు ఖాతా నుంచి డ్రైవింగ్ లైసెన్స్ దాకా వెంటాడుతుంది. పాస్‌పోర్ట్ సరిచేసుకునేందుకు ఇదే సమయం. దరఖాస్తులో పేరు పాస్‌పోర్ట్‌తో కలవకపోతే యూనివర్సిటీకి ఒక మెయిల్ రాసి సరిచేయించండి.

సర్టిఫికెట్లదీ అదే సంగతి. సీఎంఎం (అన్ని మార్కులూ ఒకే చోట ఉండే మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) చేతిలో ఉంటే చాలదు, చాలా యూనివర్సిటీలు చేరేలోపు సీల్ వేసిన అధికారిక ట్రాన్‌స్క్రిప్టులు, డిగ్రీ ప్రదానం చేసినట్టు రుజువు అడుగుతాయి. ఓడీకి (ఒరిజినల్ డిగ్రీ పట్టాకు), ట్రాన్‌స్క్రిప్టులకు మన యూనివర్సిటీల్లో వారాలు పడుతుంది. మే నెలలో పరుగెత్తే బదులు ఫిబ్రవరిలోనే అర్జీ పెట్టేయండి, కనీసం నాలుగైదు కవర్లు తీసుకోండి.

## 4. మెయిల్ చూడటానికి ఒకే వేళ పెట్టుకోండి

అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు అంటే, చలికాలంలో మనకు రాత్రి ఏడున్నర నుంచి తెల్లవారుజాము మూడున్నర. పడమటి తీరమైతే రాత్రి పదిన్నర నుంచి ఉదయం ఆరున్నర. మార్చి రెండో ఆదివారం గడియారాలు మార్చాక ఇవి మనకు ఒక గంట ముందే మొదలై ముందే ముగుస్తాయి, ఏడున్నర కాస్తా ఆరున్నర అవుతుంది.

అంటే మనకు పగలు మెయిల్ తెరిచి చూడటంలో అర్థం లేదు. అక్కడ అందరూ నిద్రలో ఉంటారు. ఉదయం ఏడు గంటలకు ఒక్కసారి చూస్తే ఆ రోజు రావాల్సినవన్నీ వచ్చేసి ఉంటాయి. శని, ఆదివారాల్లో నిర్ణయాలు రావడం అరుదు.

రాత్రి రెండింటికి లేచి చూసినంత మాత్రాన ఫలితం మారదు, మర్నాడు పని మాత్రం చెడుతుంది. ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకోండి. నా మొదటి ఏడాది నిద్ర మొత్తం ఇలాగే పోయింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

## 5. విభాగానికి ఎప్పుడు రాయాలి, ఎప్పుడు రాయకూడదు

రాయదగిన సందర్భాలు కొన్నే. మీ పేపర్ ఒక జర్నల్‌లో ఆమోదం పొందింది. చివరి సెమిస్టర్ మార్కులు వచ్చాయి, అవి ముందటివాటి కంటే బాగున్నాయి. పెద్ద ఫెలోషిప్ వచ్చింది. ఇంకో చోట ఆఫర్ వచ్చి, అక్కడ తొందరగా చెప్పమంటున్నారు. మార్చి ఇరవై దాటినా కబురు లేదు.

మెయిల్‌లో నాలుగు వాక్యాలు చాలు: పేరు, అప్లికేషన్ నంబరు, ఉపశాఖ, చెప్పదలచిన ఒక్క విషయం. గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు రాయండి. ప్రొఫెసర్లందరికీ కాపీ పెట్టకండి.

తరచూ జరిగే తప్పులు:

- ఫిబ్రవరి మొదటి వారంలోనే "నా స్టేటస్ ఏమిటి" అని అడగడం. వాళ్ల దగ్గర జవాబు ఉండదు.
- ఎస్‌ఓపీలో అచ్చుతప్పు కనబడిందని కొత్త కాపీ పంపడం. ఒక అచ్చుతప్పు వల్ల ఎవరి సీటూ పోదు, వదిలేయండి. తప్పు ఫైలు అప్‌లోడ్ అయితే మాత్రం వెంటనే చెప్పండి.
- మీరు ఎస్‌ఓపీలో పేరు రాసిన ప్రొఫెసర్‌కు వారం వారం పలకరింపులు పంపడం.

జూమ్ ఇంటర్వ్యూ సంగతి కూడా ఇక్కడే చెబుతాను. కొన్ని విభాగాలు పిలుస్తాయి, చాలా విభాగాలు పిలవవు. పిలుపు రాలేదంటే కాదన్నట్టు కాదు. పిలిస్తే రెండు ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి: మీ పరిశోధన ప్రశ్న ఏమిటి, దానికి జవాబు ఏ ఆధారాలతో వెతుకుతారు. మీ రైటింగ్ శాంపిల్‌ను ముందురోజు మళ్లీ చదవండి. మూడు నెలల క్రితం మీరే రాసింది మీకే గుర్తుండదు.

## 6. ఈ వారాల్లో చేతికి ఒక పని

పీహెచ్‌డీ మొదటి ఏడాది కష్టపెట్టేది ఎక్కువగా గణాంకాల కోర్సు. చాలా విభాగాలు ఆగస్టులోనే మ్యాథ్ క్యాంప్ పెడతాయి. మన దగ్గర పొలిటికల్ సైన్స్ ఎంఏలో ఆ శిక్షణ తక్కువ. కాబట్టి రోజుకు గంటన్నర ఆర్ (R) అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి పెట్టండి. సీటు వచ్చినా, రాకపోయినా ఆ పని వృథా కాదు.

వీడియోలు చూస్తే రాదు, మనకు తెలిసిన డేటాతో కుస్తీ పట్టాలి. అశోకా యూనివర్సిటీలోని త్రివేది సెంటర్ ఫర్ పొలిటికల్ డేటా వాళ్ల లోక్ ధాబా అనే వెబ్‌సైట్‌లో అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల ఫలితాలు నియోజకవర్గాల వారీగా దొరుకుతాయి. ఒక అభ్యాసం చెబుతాను. ఆంధ్రప్రదేశ్ 175 స్థానాలకు 2014, 2019 ఫలితాలు తీసుకుని, నియోజకవర్గం వారీగా రెండింటినీ ఒకే పట్టికలో కలపండి. 2024 ఫలితాలను ఎన్నికల సంఘం లెక్కల నుంచి చేర్చండి. పేర్ల స్పెల్లింగులు కలవవు. అది సరిచేయడంలోనే సగం విద్య ఉంది.

ఇక్కడ ఇద్దరిలో ఒకరు చేసే పొరపాటు: 2004తో 2009ని కూడా అలాగే కలిపేయడం. 2008 డీలిమిటేషన్‌తో (నియోజకవర్గాల పునర్విభజనతో) హద్దులు మారాయి, పేరు అదే ఉన్నా ఊళ్లు అవి కావు. జిల్లాల వారీగా చేసేవాళ్లకూ ఇదే చిక్కు. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయి, తర్వాత 33 అయ్యాయి. ఆంధ్రలో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. ఈ చిక్కును ఎలా విడదీశారో ఒక పేజీ రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

## 7. అడ్మిట్ వచ్చిన రోజు

సంతోషపడండి, ఇంట్లో చెప్పండి. ఆ రాత్రి అంగీకారం మాత్రం పంపకండి. రెండు రోజుల్లోగా ధన్యవాదాలు చెబుతూ, లెటర్ చదువుతున్నానని, కొన్ని ప్రశ్నలు ఉన్నాయని ఒక మెయిల్ రాయండి.

కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ వారి ఏప్రిల్ 15 తీర్మానం ఒకటి ఉంది. దానిపై సంతకం చేసిన యూనివర్సిటీలు ఇచ్చే ఆర్థిక సహాయ ఆఫర్లకు ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పాలని విద్యార్థిని బలవంతపెట్టకూడదు. మీ యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. ఉండి కూడా మార్చిలోనే చెప్పమంటే, ఆ తీర్మానం పేరెత్తి మర్యాదగా గడువు అడగొచ్చు.

లెటర్‌లో వెతకాల్సినవి:

- ఫండింగ్ ఎన్నేళ్లకు హామీ? ఐదేళ్లని స్పష్టంగా రాసి ఉందా, "నిధులను బట్టి" అన్న మాట ఎక్కడైనా ఉందా?
- స్టైపెండ్ 9 నెలలకా, 12 నెలలకా?
- ట్యూషన్ పూర్తిగా మాఫీనా? ట్యూషన్ కాక విడిగా కట్టాల్సిన స్టూడెంట్ ఫీజులు ఎంత?
- హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం ఎవరు కడతారు?
- టీచింగ్ ఎన్ని సెమిస్టర్లు? మొదటి ఏడాది టీచింగ్ లేకుండా ఫెలోషిప్ ఉందా?
- వేసవి డబ్బు హామీనా, పోటీపడి తెచ్చుకోవాలా?
- ఫీల్డ్‌వర్క్‌కు, కాన్ఫరెన్సులకు విడిగా ఏమైనా ఇస్తారా?

ఫండింగ్ లేని అడ్మిట్ వస్తే? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పొలిటికల్ సైన్స్ పీహెచ్‌డీకి ఇల్లు తాకట్టు పెట్టి, లోన్ తీసుకుని వెళ్లకండి. ఎంఎస్‌లా రెండేళ్లలో ఉద్యోగం చేసి తీర్చే అప్పు కాదిది. ఐదారేళ్లు పడుతుంది, ఆ తర్వాత ప్రొఫెసర్ ఉద్యోగాల మార్కెట్ ఇరుకు. "చేరితే తర్వాత ఫండింగ్ చూద్దాం" అని నోటిమాటగా చెబితే నమ్మకండి. ఎస్సీ తదితర వర్గాలకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఒకటి చూసుకోవాలి: 2022లో మార్చిన నిబంధనల ప్రకారం భారతీయ సంస్కృతి, చరిత్ర, భారతదేశంపై సామాజిక అధ్యయనాలు అనే అంశాలను దాని పరిధి నుంచి తీసేశారు. మన దేశ రాజకీయాల మీద పనిచేయాలనుకునేవారికి ఇది నేరుగా తగిలే దెబ్బ. మీరు దరఖాస్తు చేసే ఏడాది ప్రకటన పూర్తిగా చదివాకే లెక్కలో వేసుకోండి.

## 8. రెండు ఆఫర్లను పోల్చడం

మొదటి పొరపాటు డాలర్లను రూపాయల్లోకి మార్చడం. "ముప్ఫై లక్షలట" అని చుట్టాలు సంబరపడతారు, కానీ అద్దె కట్టేది డాలర్లలోనే. ప్రతి ఆఫర్‌కూ నెలకు చేతిలో మిగిలేది లెక్క వేయండి. ఊరి ఖర్చుల అంచనాకు ఎంఐటీ లివింగ్ వేజ్ కాలిక్యులేటర్ వాడొచ్చు.

ఊహించిన అంకెలతో చూపిస్తాను. మొదటి యూనివర్సిటీ 12 నెలలకు 36,000 డాలర్లు, ఊళ్లో అద్దె 1,600. నెలకు 3,000లో అద్దె పోను 1,400 మిగులుతుంది. రెండోది 9 నెలలకు 26,000, అద్దె 800, ఏడాదికి ఫీజులు 1,200. పన్నెండు నెలలకు పంచితే నెలకు 2,166. అద్దె, ఫీజులు పోను 1,266. పదివేల తేడా కాస్తా నెలకు 134 డాలర్లకు వచ్చింది. ఇప్పుడు రెండోవాళ్లు వేసవికి 4,000 హామీ ఇచ్చారనుకోండి. మిగిలేది 1,600 అవుతుంది. లెటర్‌లో వేసవి గురించి ఒక్క వాక్యం ఉందా లేదా అన్నది మొత్తం లెక్కను తిప్పేస్తుంది.

ఇందులో పన్ను కలపలేదు. ఫెడరల్ పన్ను ఎక్కడైనా ఉంటుంది. రాష్ట్ర ఆదాయపు పన్ను టెక్సస్‌లో లేదు, కాలిఫోర్నియాలో ఉంది. పెళ్లయినవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఎఫ్-2 వీసా మీద వచ్చే భార్య లేదా భర్త ఉద్యోగం చేయకూడదు, ఇద్దరూ ఆ ఒక్క స్టైపెండ్ మీదే బతకాలి. మీరు కూడా ఎఫ్-1 మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మించి పనిచేయకూడదు, కాబట్టి "పార్ట్‌టైమ్ చూసుకుందాం" అనే దారి లేదు.

డబ్బు తర్వాత, నిజానికి డబ్బుతో సమానంగా, మనుషులు. ఒక్క ప్రొఫెసర్ పేరు చూసి వెళ్లకండి. ఆయన వేరే చోటికి వెళ్లిపోవచ్చు, రిటైర్ కావచ్చు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే టెన్యూర్ (శాశ్వత ఉద్యోగం) రాకపోవచ్చు. మీ అంశం మీద పనిచేసేవాళ్లు కనీసం ముగ్గురు ఉండాలి. వాళ్లలో ఒకరైనా దక్షిణాసియా తెలిసినవారైతే మేలు, లేకపోతే ప్రతి సమావేశంలోనూ మండలం అంటే ఏమిటో చెప్పడంతోనే సగం సమయం పోతుంది.

మార్చిలో విభాగాలు అడ్మిట్ అయినవాళ్లను క్యాంపస్‌కు పిలుస్తాయి. ఇండియా నుంచి ఆ రెండు రోజుల కోసం వీసా తెచ్చుకుని వెళ్లడం చాలామందికి కుదరదు. కుదరదని చెప్పి ఊరుకోకండి, అవే సమావేశాలు జూమ్‌లో పెట్టమని అడగండి. ఇద్దరు ప్రొఫెసర్లతో, ముగ్గురు విద్యార్థులతో విడివిడిగా మాట్లాడండి. విద్యార్థుల్లో ఒకరు నాలుగో ఏడాది దాటినవారై ఉండాలి.

వాళ్లను అడగాల్సినవి:

- మీ బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది మానేశారు, ఎందుకు?
- మీ గైడ్ డ్రాఫ్ట్ చదివి ఎన్ని వారాల్లో తిరిగి ఇస్తారు?
- ఆరో ఏడాది డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?
- గత మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు?
- మొదటి జీతం ఏ తేదీన పడింది?

చివరి ప్రశ్నను చాలామంది మర్చిపోతారు. ఆగస్టు మధ్యలో దిగితే మొదటి చెక్కు సెప్టెంబరు చివరికి రావచ్చు. ఆలోగా అద్దె, అడ్వాన్సు, పరుపు, గిన్నెలు, తిండి అన్నీ మీ చేతి డబ్బే. ముందే అడిగితే కొన్ని విభాగాలు ప్రయాణానికి, సర్దుకోవడానికి కొంత సాయం చేస్తాయి.

ఇంకో ఆఫర్ చేతిలో ఉంటే స్టైపెండ్ పెంచమని, వేసవి డబ్బు కలపమని మర్యాదగా అడగొచ్చు. ఎవరూ దానికి ఆఫర్ వెనక్కి తీసుకోరు. లేని ఆఫర్‌ను ఉందని మాత్రం చెప్పకండి. ఒక ఉపశాఖలో ప్రొఫెసర్లందరికీ ఒకరితో ఒకరికి పరిచయం ఉంటుంది.

## 9. వెయిట్‌లిస్ట్‌లో ఉంటే

దీనికి జవాబు రెండు రోజుల్లో వెళ్లాలి. మెయిల్‌లో ఉండాల్సినవి:

1. వెయిట్‌లిస్ట్‌లో కొనసాగుతానని స్పష్టంగా ఒక వాక్యం.
2. అదే మీ మొదటి ఎంపిక అయితే, ఆఫర్ ఇస్తే తప్పక చేరతానని. నిజమైతేనే రాయాలి, ఒక్క చోటికే రాయాలి.
3. జాబితా వరస ప్రకారమా, ఉపశాఖల వారీగానా, ఎప్పటికల్లా తెలుస్తుందని ఒక ప్రశ్న.
4. దరఖాస్తు తర్వాత సాధించింది ఏదైనా ఉంటే రెండు వాక్యాలు.

తర్వాత మార్చి చివర్లో ఒకసారి, ఏప్రిల్ 10 ప్రాంతంలో ఒకసారి చిన్న మెయిల్ రాయొచ్చు. అంతకు మించి వద్దు. సీట్లు ఎక్కువగా కదిలేది ఏప్రిల్ రెండో వారంలో, కొన్ని 15వ తేదీ సాయంత్రం. అంటే మనకు 16 తెల్లవారుజాము. ఆ రోజుల్లో మాత్రం పైన చెప్పిన ఉదయం ఏడింటి నియమం పక్కన పెట్టి, ఫోన్ దగ్గర పెట్టుకుని పడుకోండి. కొన్నిసార్లు కొన్ని గంటల్లో చెప్పమంటారు. అందుకే ఆ విభాగం ఫండింగ్ వివరాలు, ప్రొఫెసర్ల పేర్లు ముందే చదివి, వస్తే వెళ్తారా లేదా అన్నది ఇంట్లో మాట్లాడి పెట్టుకోండి.

ఇక ఆఫర్లు చేతిలో ఉన్నవాళ్లకు ఒక విన్నపం. మూడు ఆఫర్లు వచ్చి, ఒక చోటికి వెళ్లబోమని మీకు తెలిసిపోయిన రోజే అక్కడికి రాసేయండి. మీరు వదిలిన సీటు కోసం వరంగల్‌లోనో, విజయనగరంలోనో, నైరోబీలోనో ఒకరు నిద్ర లేకుండా కూర్చుని ఉంటారు. "ఎందుకైనా మంచిది" అని ఏప్రిల్ 15 దాకా నాలుగైదు ఆఫర్లు పట్టుకుని కూర్చోవడం తప్పు. మార్చి 25 తర్వాత ఎవరి చేతిలోనూ రెండుకు మించి ఉండకూడదని నా ఉద్దేశం.

## 10. ఒప్పుకున్నాక

అంగీకారం పోర్టల్‌లో నొక్కి, విభాగానికి మెయిల్ కూడా రాయండి. మిగతా చోట్ల అదే రోజు వదులుకోండి. లెటర్లు రాసిన ముగ్గురికీ ఫలితం చెప్పండి.

తర్వాత ఐ-20, అంటే విద్యార్థి వీసాకు కావాల్సిన, యూనివర్సిటీ ఇచ్చే పత్రం. స్టైపెండ్ లెటరే ఆర్థిక రుజువు కాబట్టి ఒంటరిగా వెళ్లేవాళ్లకు సాధారణంగా బ్యాంకు బ్యాలెన్స్ చూపాల్సిన పని ఉండదు. సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదుచేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు. హైదరాబాద్ కాన్సులేట్ ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉంది, బేగంపేటలో కాదు.

ఐ-20 వచ్చిన రోజే వీసా ఇంటర్వ్యూ స్లాట్ వెతకడం మొదలుపెట్టండి. 2025లో మే చివర్లో విద్యార్థి వీసాల కొత్త అపాయింట్‌మెంట్లు మూడు వారాలు ఆపేశారు, ఆలస్యం చేసినవాళ్లు చాలా నలిగారు. అప్పటి నుంచే సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌గా ఉంచమంటున్నారు. పొలిటికల్ సైన్స్ వాళ్లం రాజకీయాల గురించి రాస్తూనే ఉంటాం, కాబట్టి మీ ఖాతాల్లో ఏముందో మీకు తెలిసి ఉండాలి. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో ఖాతాల పేర్లు దాచకండి. కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు దేశంలోకి రానివ్వరు, టికెట్ దాన్ని బట్టి తీసుకోండి.

## 11. అన్నీ రిజెక్ట్ అయితే

మొదటి ఏడాది నాకు జరిగింది ఇదే. అందుకని ఈ భాగం తొందరగా దాటేయను.

మొదటి వారం ఏమీ చేయకండి. నిర్ణయం మార్చమని ఏ విభాగానికీ రాయకండి, మార్చరు. కారణం అడిగితే చాలా చోట్ల చెప్పరు. మే నెలలో ఒకరిద్దరికి మర్యాదగా రాసి చూడొచ్చు, జవాబు రాకపోతే పట్టించుకోకండి.

తర్వాత ఫైలును వేరొకరి చేత చదివించండి, మీ లెటర్లు రాసినవారైతే మంచిది. మూడు విషయాలు చూడమనండి. ఎస్‌ఓపీలో ఒక పరిశోధన ప్రశ్న ఉందా, లేక అభిరుచుల జాబితా ఉందా? రైటింగ్ శాంపిల్ ఒక వాదనను ఆధారాలతో నిలబెడుతోందా, లేక పుస్తకాల సారాంశమా? ఎంచుకున్న విభాగాల్లో మీ అంశం మీద పనిచేసేవాళ్లు నిజంగా ఉన్నారా? నా ఫైలులో లోపం రెండోది. ఇరవై పేజీల్లో పదహారు పేజీలు ఇతరులు చెప్పినవే ఉన్నాయి. దాన్ని పక్కన పెట్టి ఒక జిల్లాలో పంచాయతీ ఎన్నికల డేటాతో కొత్తది రాశాను. మిగతా ఫైలు దాదాపు అదే, ఫలితం మారింది.

ఆ ఏడాది గడపడానికి దారులు:

- రీసెర్చ్ అసిస్టెంట్ పని. లోక్‌నీతి-సీఎస్‌డీఎస్, జే-పాల్ సౌత్ ఏషియా, త్రివేది సెంటర్, హైదరాబాద్‌లో సెస్ వంటి పరిశోధన సంస్థల ప్రకటనలు చూస్తూ ఉండండి. ప్రొఫెసర్ల దగ్గర సర్వే పని చేస్తే కొత్త రికమెండేషన్ లెటర్ కూడా వస్తుంది.
- యూజీసీ నెట్. 2024 నుంచి ఆ స్కోరుతో మన దేశంలో పీహెచ్‌డీ ప్రవేశాలకు వీలుంది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో, జేఎన్‌యూలోనో మంచి గైడ్ దొరికితే దాన్ని రెండో మెట్టుగా చూడకండి. తెలుగు నేల మీద ఫీల్డ్‌వర్క్ చేయాలనుకునేవాళ్లకు అది చాలాసార్లు మెరుగైన చోటే.
- మళ్లీ దరఖాస్తు. పోయినసారి పంపిన పన్నెండు చోట్లకూ అదే ఫైలు పంపకండి. ఫీజులకే వెయ్యి డాలర్ల పైన అవుతుంది. ఎనిమిది చోట్లు, ఒక్కో చోటికీ విడిగా ఎస్‌ఓపీ. ఫీజు మాఫీ ఇచ్చే విభాగాలు ఉన్నాయి, సెప్టెంబరులోనే అడగండి.

మళ్లీ పెట్టేవాళ్లు తేదీలు ఇలా పెట్టుకోండి: మే నెలాఖరుకు రైటింగ్ శాంపిల్ అంశం, జూన్‌లో డేటా, జూలై చివరికి మొదటి డ్రాఫ్ట్ ఒక ప్రొఫెసర్ చేతిలో, ఆగస్టు 15 నాటికి లెటర్లు రాసేవాళ్లకు విభాగాల జాబితా.